పొయ్యి మీది బండ

పోయిన ఎండాకాలం పాత వంటిల్లు పడగొట్టించాను. పైకప్పు బండలు ఒక్కొక్కటే దించుకుంటూ వచ్చిన మేస్త్రి పొయ్యి మీది బండ దగ్గర ఆగాడు. ఇద్దరు పట్టి దాన్ని దించి గోడకి ఆనించారు. మేస్త్రి తన చేతులు చూసుకున్నాడు. మోచేతుల దాకా నలుపు.

"ఏందమ్మా ఇది? తారు పూయిచ్చారా?"

"తారు కాదురా, మసి."

"ఇంత మందానా?" గోటితో గోకాడు, రాలేదు. తాపీ మొనతో గోకాడు. గీత పడింది గానీ పెళ్ల ఊడలేదు. "బండ మాత్రం గట్టిదే. పగలగొట్టి పునాదిలోకి ఏద్దామా?"

"ఆగు. ముందు పోయి మజ్జిగ తాగిరా," అన్నాను.

వాడు మజ్జిగ తాగి, బీడీ కాల్చుకుని వచ్చేదాకా నేను ఆ బండ ముందు కూర్చున్నాను. ఆ మసి చూస్తే నాకు ఒక్క మనిషే గుర్తొస్తుంది. ఆమె పేరు రాయను. నా కోసం ఆమె ఒక అబద్ధం ఆడింది. అది ఇప్పటికీ సర్కారు కాగితంలో నిజంగానే ఉంది. అందరం ఆమెని పెద్దమ్మ అనేవాళ్లం. ఆ మాట చాలు.

మా చోటు గురించి కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆమె అర్థం కాదు. గురజాలకీ మాచర్లకీ నడుమ, రెండు ఊళ్ల పొలిమేరలు కలిసీ కలవని చోట, నాపరాళ్ల గుంటల పక్కన ఇరవై మూడు ఇళ్లు. మట్టి లేదు. జానెడు తవ్వితే గడ్డపార బండకి తగిలి ఖంగుమంటుంది. సర్కారు తుమ్మా, జెముడూ తప్ప పచ్చనిది కనపడదు. ఎండాకాలం పొద్దు కుంకిన చాలాసేపటికి గానీ ఇంటి గోడ మీద చెయ్యి పెట్టలేం, కాలుతుంది. గోడలు బండలు, కప్పు బండలు, దడి బండలు, ఆఖరికి బిందె పెట్టుకునే దిమ్మె కూడా బండే.

అది ఊరు కాదు. ఈ ఊళ్లో అడిగితే "వాళ్లు ఆ ఊరి కింద" అనేవాళ్లు. ఆ ఊళ్లో అడిగితే "కాదు, ఈ ఊరి కింద" అనేవాళ్లు. కరువు ఏడు నీళ్ల ట్యాంకరు ఒక ఊళ్లో ఆగి, రెండో ఊళ్లో ఆగి, మధ్యలో మా పక్క నుంచి దుమ్ము లేపుకుంటూ పోయేది. చెయ్యెత్తితే డ్రైవరు బండి ఆపకుండానే, "మీరు నా కాగితంలో లేరమ్మా" అని కేకేసేవాడు. ఏ ఊరు మీది అని ఎవరైనా అడిగితే "బండల కాడ" అనేవాళ్లం. అదే మా ఊరి పేరు.

ఆ ఇరవై మూడు ఇళ్లకీ మొదటి మనిషి పెద్దమ్మ. సాగర్ ఆనకట్ట కట్టేటప్పుడు మొగుడితో రాయి పనికి వచ్చింది. పని అయిపోయాక వెనక్కి పోయే దారి లేక, రాయి ఎక్కడుంటే అక్కడికని మూడు కుటుంబాలు ఇక్కడ దిగాయి. మొగుడు పోయాడు. పిల్లలు నిలవలేదు. ఆమె మిగిలింది.

"ఆ కట్టలో నేను మోసిన రాళ్లున్నయ్యే," అనేది. "కట్టెనక సముద్రమంత నీళ్లు నిలబడినయ్. ఆ నీళ్లకి నేనొక్కదాన్నే కనపడలా." అని తన ఖాళీ బిందె మీద వేళ్లతో తాళం వేసేది.

ఆమెకి ఒక పిచ్చి ఉండేది. పొద్దున్నే, తన ఇంటి ముందు పోగుపడ్డ రాతి ముక్కల దిబ్బ ఎక్కేది. కొంగు తలమీదికి లాక్కుని ఇళ్లన్నీ కలయజూసేది. ఏ ఇంటి మీద పొగ లేస్తే ఆ ఇంటికి ఒక కణుపు. బొటనవేలు వేలి కణుపుల మీద జరుగుతుంటే పెదాలు కదిలేవి. లెక్క మాత్రం పైకి అనేది కాదు. పైకి అంటే తగ్గుద్దంట.

ఒక పొగ తగ్గిందనుకోండి, బొటనవేలు ఆ కణుపు మీదే ఆగిపోయేది. దాన్ని అట్లాగే నొక్కిపట్టుకుని దిబ్బ దిగి, ఆ ఇంటికి పోయి నిలబడేది.

"ఏమే, పొయ్యి ఇంకా ఎలిగిచ్చలా?"

"నిద్ర లేచిందే ఇప్పుడు పెద్దమ్మా. నీకేంది అంత తొందర?"

"ఎలిగిచ్చు. ఎలిగిచ్చినంక పోతా."

పొగ లేచాకే వేలు వదిలేది. కొందరు విసుక్కునేవాళ్లు. మా పక్కింటి మనిషైతే, "కలెక్టరమ్మ వచ్చిందర్రో, పొయ్యిలు చూపించండి!" అని వెనక నుంచి అరిచేవాడు. ఆమె తిరిగి చూసేది కాదు. పొగ రంగు చూసి కట్టె ఏదో చెప్పేది. పత్తి కట్టె, కందికట్టె, పచ్చి తుమ్మ. నల్లగా ముద్దగా లేస్తే, "ఆ ఇంటో సైకిలు టైరు కాలుతోంది. కట్టె లేదు. ఒక మోపు పడేసి రా పోవే," అని ఎవరు దొరికితే వాళ్లని తరిమేది.

ఎందుకమ్మా ఇంత కంగారని ఒకసారి నేను ముఖమ్మీదే అడిగాను. ఆనకట్ట కాడ గుడిసెల్లో ఉన్నప్పుడు, ఒక పొద్దున పక్క గుడిసె మీద పొగ లేవలేదంట. పనికి పోయారనుకుందంట. మధ్యాహ్నం వచ్చి తడిక తీస్తే లోపల నలుగురూ వాంతులూ భేదులతో పోయి ఉన్నారంట. "నేనేమో పొద్దున ఆళ్ల ముందు నుంచే నడిచిపోయినా," అంది. అంతే చెప్పింది. ఆ తర్వాత నేను ఎప్పుడూ విసుక్కోలేదు.

మేం అక్కడికి పోయింది అందరికన్నా ఆఖర్న. మాది రెంటచింతల పక్క. అత్తగారింట్లో పడక, నేనూ నా మొగుడూ కట్టుబట్టలతో వచ్చాం. ఇరవై రెండిళ్ల వాళ్లూ తలా ఒక చెయ్యి వేసి నాలుగు రోజుల్లో గోడలు నిలబెట్టి బండలు కప్పారు. పొయ్యి మీద వేసే బండని మాత్రం ఇంటికొక మనిషి వచ్చి పట్టాలి, అది అక్కడి పద్ధతి. బండ ఎక్కాక పెద్దమ్మ పిడక మీద నిప్పు పెట్టుకుని, కొంగు అడ్డం పట్టుకుని వచ్చింది.

నాకు నోరు ఊరుకోదు. "మా కాడ అగ్గిపెట్టె ఉంది పెద్దమ్మా," అన్నాను.

"ఉండనీ. అది కొట్లో నిప్పు. ఇది ఈడ నిప్పు. ఇరవై రెండు పొయ్యిలూ దీంతోనే ఎలిగినయ్. నీదేమన్నా ఎక్కువా?"

ఆ పొద్దు నుంచి ఆమె లెక్క ఇరవై మూడు.

మేం వచ్చిన మరుసటేడే కబురు తెలిసింది. మండలాలు వచ్చిన కొత్తలు అవి. మా చుట్టూ ఉన్న రాతి నేలని ఎవరో లీజుకి అడిగారు. అడిగినవాడు అర్జీలో, ఈ గుడిసెలన్నీ లీజు సంగతి విని నిన్నా మొన్నా వచ్చి కూర్చున్నవి, డబ్బు గుంజడానికి వేసినవి అని రాయించాడు. ఆఫీసరు సోమవారం వచ్చి చూస్తాడంట. పాత కాపురాలైతే ఉంచుతారు, కొత్తవైతే లేపేస్తారు.

ఇదంతా తర్వాత తెలిసింది. అప్పటికి ఆ కబురు మాకు సగమే చేరింది. లారీ డ్రైవరు ఒకడు గురజాలలో టీ కొట్టు కాడ విని వచ్చి చెప్పాడు. "ఆఫీసరు వచ్చి ఇళ్లు చూస్తడంట. చూసి, ఉంచేదీ పీకేదీ అప్పుడే తేలుస్తడంట." ఏం చూస్తాడో వాడికి తెలియదు. మాకు అంతకన్నా తెలియదు. ఒక్క కాగితం లేదు మా దగ్గర. ఉన్నా చదివేవాళ్లు లేరు.

శనివారం సాయంత్రం అందరం దిబ్బ దగ్గర కూర్చున్నాం. ఎవరి ముఖంలోనూ నెత్తురు లేదు. అప్పుడు నేనే అన్నాను.

"ఇళ్లు శుభ్రంగా, పక్కాగా కనపడితే ఉంచుతారు. గుడిసెల్లాగా మసిగొట్టుకుని ఉంటే పీకుతారు. సున్నం కొడదాం."

మాట బాగానే ఉంది. అందరికీ నచ్చింది. పిడుగురాళ్ల పక్క బట్టీల నుంచి సున్నం వచ్చింది. ఆదివారం పొద్దుటి నుంచి గోడలన్నీ తెల్లబడ్డాయి. కానీ మసి మీద సున్నం నిలవదు. ఎన్ని పూతలు పూసినా తెల్లారేసరికి పసుపు నీళ్లలాగా ఊరి కారుతుంది. అందుకని పొయ్యి మీది బండల్ని తిప్పేశారు. లోపలి ముఖం పైకి, ఎండ తిన్న ముఖం లోపలికి. పైన ఎట్లాగూ వాన కారకుండా సున్నం మెత్తుతాం కాబట్టి నలుపు కనపడదు. గడపరాళ్లు కూడా, అరిగిన వైపు కిందికి తిప్పి వేశారు. రాయి పనివాళ్లు కదా. ఇరవై మూడిళ్ల బండలు ఒక్క రోజులో తిప్పడం వాళ్లకి లెక్కలోది కాదు. చుట్టం వస్తున్నాడంటే ఇల్లు తెల్లగా చేస్తాం కదా, ఇదీ అట్లాంటి మర్యాదే అనుకున్నాం.

పెద్దమ్మ మాత్రం ఒక్క మాట అంది. "పొయ్యి మీది బండ కదిలిచ్చగూడదే."

"నీ ఒక్కదాని ఇల్లు చూసి అందరివీ పీకేస్తే?" అన్నాను.

 మగాళ్లు ఆమె కప్పు ఎక్కుతుంటే దిబ్బ మీద వీపు తిప్పి కూర్చుంది.

ఇప్పుడు నిజం రాస్తున్నాను. ఇళ్లు శుభ్రంగా ఉండాలని కాదు నా బాధ. ఇరవై రెండిళ్లు లోపల నల్లగా ఉన్నాయి. నాదొక్కటే తెల్లగా ఉంది. కొత్తదని ఎవరైనా ఇట్టే చెప్పగలరు. పీకడమంటూ మొదలైతే ఆఖర్న వచ్చిన నాదే ముందు పోతుంది. అందరివీ తెల్లబడితే నాది కలిసిపోతుందని నా ఆశ. అది నా కడుపులో దాచుకుని అందరి చేతా సున్నం కొట్టించాను.

సోమవారం ఆఫీసరు జీపులో వచ్చాడు. వయసు తక్కువే. ముఖం మంచిదే. వెంట లీజు అడిగిన ఆయన మనిషి, నల్లద్దాలు పెట్టుకుని. ఆఫీసరు మొదటి ఇంట్లోకి తల వంచి పోయాడు. కప్పు చూశాడు, గోడ చూశాడు, బయటికొచ్చి గడపరాయిని బూటుతో తాకాడు. రెండో ఇల్లు, మూడో ఇల్లు. నాలుగో ఇంటి ముందు ఆగి అన్నాడు, "ఎన్నేళ్ల నుంచి ఉంటున్నామన్నారు?"

"ఇరవై ఏళ్లు దాటింది సార్," అన్నాడు మా పక్కింటాయన.

"ఈ ఇళ్లు నిన్న కట్టినట్టున్నాయే?"

నల్లద్దాలాయన నవ్వాడు. "నేను చెప్పలా సార్? సున్నం కూడా ఆరలా."

 ఇరవై మూడిళ్ల వాళ్లూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని, తర్వాత అందరూ నా ముఖం చూశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

పెద్దమ్మ దిబ్బ మీద నుంచి లేచింది. "ఒరేయ్, నా ఇంటి బండ తిప్పండిరా."

ఇద్దరు కప్పు ఎక్కారు. బండ లేపి కిందికి దించి ఆఫీసరు ముందు పెట్టారు. పైన మెత్తిన పచ్చి సున్నం దులిపేస్తే తారు రోడ్డులాగా నలుపు, ఎండలో మెరుస్తోంది.

"టైర్లు కాల్చి పట్టించి ఉంటారు సార్," అన్నాడు నల్లద్దాలాయన.

పెద్దమ్మ వాడి వంక చూడనే లేదు. "బాబూ, మీ అమ్మ కట్టెల పొయ్యి మీద వండిందా?" అని ఆఫీసరునడిగింది.

"వండింది."

"అయితే నీకు తెలుసు. గోకు."

ఆఫీసరు జేబులోంచి చిన్న చాకు తీసి గోకాడు. పైన పొడి రాలింది. దాని కింద గట్టి పెళ్ల. దాని కింద ఇంకా గట్టిది, గాజులాగా. చాకు జారింది. ఆయన కాసేపు దాన్నే చూశాడు. తర్వాత, "మిగతావీ దించండి," అన్నాడు.

పెద్దమ్మ అటు తిరిగి, గుంటల వైపు ముఖం పెట్టి కూర్చుంది. వెనక బండలు దిగుతుంటే చూడకుండానే చెప్పసాగింది.

"మొదటి మూడిళ్లూ ఆనకట్ట పని నుంచి వచ్చినయి. ఆటికి చాకు దిగదు. తర్వాత నాలుగిళ్లు మాకన్నా మూడేళ్లెనక. తర్వాత తొమ్మిది, చెరువులు ఎండిన ఏడు వచ్చినోళ్లు. ఆ తర్వాత రెండు, ఉప్పెనకి కింద నుంచి వచ్చినోళ్లు. ఆఖర్న నాలుగు, సున్నం బట్టీల్లో పని పోయి వచ్చినోళ్లు. అయి మెత్తగుంటయ్, గోరుకొస్తయ్."

ఆఫీసరు ఒక్కో బండా గోకుతూ పోయాడు. ఆమె చెప్పిన వరసలోనే మసి పలచబడుతూ వచ్చింది. మా ఊరి చరిత్ర అంటూ ఎవరైనా చెప్పింది అదొక్కసారే. విన్నది ఒక ఆఫీసరూ, మేమూ.

ఇరవై రెండు బండలైపోయాయి. నా ఇంటి బండ దించారు. పొగచూరిన గుడ్డ రంగు. వేలితో రుద్దితే తెల్లరాయి బయటపడింది.

నల్లద్దాలాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇదిగో సార్! ఇది నిరుటిది! ఒకటి దొరికిందంటే మిగతాయి కూడా ఏదో కిటుకే!"

ఆఫీసరు, "ఇది ఎవరిది?" అన్నాడు.

 నాదంటే నా ఇల్లు పోతుంది. ఒక్క నా ఇల్లు పోయి ఊరుకుంటారో, దాంతోపాటు ఇరవై రెండూ పోతాయో తెలియదు. పెద్దమ్మ చేతి వంక చూశాను. బొటనవేలు ఒక కణుపు మీద నొక్కి ఉంది. గోరు తెల్లబడి ఉంది.

"అది ఇల్లు కాదు బాబూ," అంది. "నా కూతురూ అల్లుడూ పడుకునే కొట్టం. నా ఇల్లు ఇరుకని నిరుడు ఏసినం. వంట నా పొయ్యి మీదే."

"మరి ఇందులో పొయ్యి ఉందే?"

"వేణ్నీళ్లకి బాబూ. అల్లుడు రాతిదుమ్ముతో వస్తడు. చన్నీళ్లు పోస్తే రాత్రంతా దగ్గు. సున్నితం మనిషి."

నా మొగుడు ఆ మాటకి నిజంగానే దగ్గాడు. భయంతో వచ్చిన దగ్గు అది.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఈమె నీకేమవుతుంది?"

 బతికి ఉన్న మా అమ్మ రెంటచింతల పక్కన ఉంది. పెద్దమ్మ నన్ను చూడటం లేదు, గుంటల వైపే చూస్తోంది. "మా అమ్మ," అన్నాను.

ఆయన ఇంకో క్షణం నన్ను చూశాడు. నమ్మాడో, నమ్మినట్టు రాశాడో ఇప్పటికీ తెలియదు. కాగితం మీద రాసుకుని, "ఇరవై రెండిళ్లు," అన్నాడు. జీపు పోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఇంటికి పోయాను. బండ మళ్లీ నల్ల ముఖం కిందికి పెట్టి ఎక్కించారు. ఆమె పొయ్యి ముందు కూర్చుని పుల్లలు ఎగదోస్తోంది.

"సున్నం ఎందుకు కొట్టమన్నావో నాకు తెల్వదనుకున్నావంటే?" అంది, తలెత్తకుండా.

"తెలిసీ ఎందుకు ఊరుకున్నావు?"

"భయపడ్డదాన్ని ఏమంటమే. నేనూ భయపడ్డా. నీ మాట ఇని నా బండ నేనే తిప్పనిచ్చినా." ఇంకో పుల్ల ఎగదోసి, "బియ్యం తెచ్చుకో పో. ఇయ్యాల్టి నుంచి నీ పొయ్యి ఎలగగూడదు," అంది.

అన్నట్టే అయింది. నల్లద్దాలాయన ఊరుకోలేదు. ఆరు నెలలపాటు రెండు రోజులకోసారి పొద్దున్నే మోటారు సైకిలేసుకుని వచ్చి, రోడ్డు మీద ఆపి, నా ఇంటి మీద పొగ లేస్తుందేమోనని చూసేవాడు. మా ఊళ్లో పొగలు లెక్కపెట్టేవాళ్లు ఇద్దరయ్యారు. మోటారు సైకిలు చప్పుడు వింటే నాకు చేతిలో గరిటె జారేది. పెద్దమ్మ పొయ్యి మీదే వండేదాన్ని, ముగ్గురికీ. ఆమె వంకలు పెట్టేది. "ఇది కూరా, కుడితా? అల్లుడు గారు ఎట్టా తింటన్నాడో, మారాజు." నేను ఊరుకుంటానా? "నీ కూతురికి నువ్వు నేర్పింది ఇంతే," అనేదాన్ని. అప్పుడు నవ్వేది. ఆమె నవ్వడం నేను అక్కడే చూశాను.

పొద్దున దిబ్బ ఎక్కడం మాత్రం మానలేదు. ఇరవై రెండు పొగలకి ఇరవై రెండు కణుపులు నొక్కి, ఇరవై మూడోదానికి వెనక్కి తిరిగి, గుమ్మంలో నేనున్నానా లేదా అని చూసేది. ఉంటేనే వేలు వదిలేది.

ఆరు నెలలయ్యాక నల్లద్దాలాయన రావడం మానేశాడు. లీజు వేరే వైపు పోయింది. కావాలంటే నా పొయ్యి నేను వెలిగించుకోవచ్చు. నేను వెలిగించలేదు, ఆమె వెలిగించుకోమనలేదు.

నాలుగేళ్ల తర్వాత ఎండాకాలం, వడదెబ్బకి పోయింది. శవం లేచేదాకా ఆ రోజు ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలిగించలేదు. ఇళ్లన్నీ ఉన్నాయి, ఒక్క పొగ లేదు. ఆమె ఉంటే కంగారుతో చచ్చేది.

ఆమె పోయాక మేం ఆమె ఇంట్లోకే మారాం, ఆ పొయ్యి మీదే వండుకున్నాం. నాకు నలభై దాటాక, సర్కారు వాళ్లు బడి పెట్టి మాలాంటి వాళ్లకి అక్షరాలు నేర్పినప్పుడు నేర్చుకున్నాను. కాస్త చదవడం వచ్చాక ఆఫీసుకి పోయి, మా ఇళ్ల జాబితా చూపించమని అడిగాను. ఆమె పేరు కనపడింది. కింద నా పేరు. పక్కన "కూతురు" అని ఉంది. ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివాను. గుమాస్తా, "ఏమన్నా తప్పుందా అమ్మా? మార్పించాలా?" అన్నాడు.  ఏం తప్పు లేదు బాబూ అని వచ్చేశాను.

మేస్త్రి మజ్జిగ తాగి వచ్చాడు. నేను ఇంకా బండ ముందే ఉన్నాను. గీత పడిన చోట పొరలు కనపడుతున్నాయి. అడుగుది ఆమెది. పైది నాది. నడుమ నాలుగేళ్లది ఎవరిదో చెప్పలేను.

"ఏంజేద్దామమ్మా? పగలగొట్టనా?"

"కొత్త వంటింటి బయట గోడకి నిలబెట్టి సిమెంటు పెట్టు. నల్ల ముఖం బయటికి."

వాడు నా ముఖం, బండ ముఖం మార్చి మార్చి చూశాడు. "కొత్తింటికి ఇదేం దిష్టమ్మా! పోనీ, పైన కాస్త సున్నమన్నా కొట్టనా?"

"కొట్టి చూడు, చేతులిరగ్గొడతా."